పుట్టకొక్కులకు గాలి విసిరిన మామ

పోయిన నెల ఒక శుక్రవారం మా మామ చనిపోయాడు. ఆ కబురు నాకు హుజూరాబాద్ కూరగాయల మార్కెట్లో అందింది. పుట్టకొక్కుల గంప ముందర పెట్టుకుని కూర్చున్నాను. పుట్టగొడుగుల్ని మా దగ్గర పుట్టకొక్కులంటారు. మా వాడ నుంచి సైకిల్ మీద వచ్చిన మనిషి గంప ముందర ఆగి, "అరేయ్, మీ మామ పోయిండురా, లెవ్వు" అన్నాడు. అప్పుడే ఒకామె బేరం చేస్తోంది. ఆ మాట ఆమెకు వినపడలేదు. "తాజాయేనా పిలగా?" అని అడిగింది. "పొద్దుగాల్నే తెంపిండు మా మామ" అన్నాను. నిజమే, పొద్దున తెంపింది మామే. తెంపి, గంపలో తడిగుడ్డ పరిచి, పేర్చి, నన్ను బస్సెక్కించి ఇంటికి పోయి, కొక్కులు పెంచే గుడారం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు.

దినాల నాడు వచ్చినవాళ్లంతా మామ గురించి తలా ఒక మాట చెప్పారు. నన్నూ చెప్పమన్నారు. నాకు నలుగురిలో నోరు రాదు. ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మామ మా అవ్వకు, అంటే మా అమ్మకు, అన్న. నేను ఏడో తరగతి తప్పినప్పుడు, మగ్గం పని నేర్చుకొమ్మని మా బాపు నన్ను తెచ్చి ఆయన దగ్గర వదిలిపోయాడు. నాకు మాటలు రావని మామ ఎప్పుడూ పరేషాన్ కాలేదు. నన్నడిగిన ప్రశ్నలకు జవాబులు ఆయనే చెప్పుకునేవాడు. "తిన్నవా అల్లుడా? తిన్నవ్ లే. నిద్ర పట్టిందా? పట్టి ఉంటది." ఇట్లా నా మీద ఏ బరువూ పడేది కాదు. ఎప్పుడైనా నేను తినకపోయినా, ఆయనే తిన్నానని చెప్పేశాక కాదనడం నాకు చేతనయ్యేది కాదు.

ఆ ఇంట్లో ముందరి గదిలో ఒక మరమగ్గం, దాని పక్కన గోడకు ఆనుకుని బీడీల చాటతో మా అత్తమ్మ. మగ్గం చప్పుడులో ఆమె మాట వినపడదని ఎవరన్నా అనుకుంటే పొరపాటు. ఆమె మాట్లాడితే మగ్గమే వినపడదు.

నేను రాకముందు మామ చాలా ఏండ్లు ముంబై పక్కన భీవండిలో మగ్గాలు నడిపాడు. అక్కడ ఆయన ఉన్న రూముకు కిటికీ లేదు. పగటి పనివాళ్లు లేచిన చాపల మీదనే రాత్రి పనివాళ్లు పడుకునేవాళ్లు. దగ్గు పట్టుకుని తిరిగొచ్చి, ఇక భీవండి పేరెత్తనని అన్నాడు. కానీ ఇక్కడ నూలు వస్తేనే పని. రాకపోతే మగ్గం మీద పిల్లి పడుకునేది. ఆ ఖాళీ రోజుల్లోనే ఆయనకు పుట్టకొక్కుల పిచ్చి పట్టింది. ఇంట్లోనే వరిగడ్డిలో వాటిని పెంచొచ్చని కరీంనగర్లో నేర్పుతున్నారని విని, పోయి నేర్చుకొచ్చాడు.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ తమ్ముడు చుట్టాల పెండ్లికని, నెల రోజులు ఉండేటట్టు భీవండి నుంచి దిగాడు. నేను ఆయన్ని చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. దిగుతూనే, "బావా, నీకు మా కార్ఖానాల జాగ సూసిన. పెండ్లి అయినంక సోమవారం బస్సుకు రెండు సీట్లు చెప్పిపెట్టిన" అన్నాడు.

"ఒకటి నీకు. ఇంకోటి నీ పెట్టెకా బామ్మర్దీ?" అన్నాడు మామ.

అత్తమ్మ నవ్వలేదు. బీడీకి దారం చుడుతూనే తీర్పు చెప్పింది. "గీ కొక్కుల పంట సూస్తం. పదిమంది కొనేటట్టు వస్తే ఉండు. లేకుంటే తమ్మి ఎంబడి బస్సెక్కు. గంతే."

మామ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు.

కరీంనగర్లో సారు చెప్పినవన్నీ మామ తు.చ. తప్పకుండా చేశాడు. గడ్డి కోసి నానబెట్టాడు, ఉడకబెట్టాడు, ఆరబెట్టాడు. ప్లాస్టిక్ సంచుల్లో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం వేసి బిగించాడు. వెనక గదిలో బొంగులు పాతి, చుట్టూ, పైనా ప్లాస్టిక్ కాగితం కప్పి గుడారం చేశాడు. సంచులన్నీ లోపల వేలాడదీశాడు. సారు చెప్పిన వాటిలో ఒక్క ముక్క మాత్రం పక్కన పెట్టాడు. లోపల గాలి ఆడాలన్నాడట సారు.

"ఆ సారు మంచోడే. గడ్డి సంగతి మస్తు తెలుసు. గాలి సంగతి తెల్వదు" అన్నాడు మామ.

తప్పు ఆయనది కాదు, నేత ఇంట్లో పుట్టినవాళ్లకు గాలంటే శత్రువు. వడగాలి తగిలితే పోగు ఎండుతుంది, ఎండితే తెగుతుంది. మామ వాళ్ల నాయిన గుంటమగ్గం నేసే రోజుల్లో కిటికీలకు తడి గోనెసంచులు కుక్కేవాడట. తలుపు తీసి పెట్టిన పిల్లవాడికి వీపు మోగేదట. వీపు మీద నేర్చుకున్నది ఒక పూట చదువుతో పోతుందా? మామ గుడారం అతుకులన్నిటికీ గుడ్డ పీలికలు గంజితో అంటించాడు. సూది దూరే సందు లేకుండా చేసి, మూడుసార్లు చుట్టూ తిరిగి చూసుకుని, "అల్లుడా, ఇగ గాలి అనేదానికి ఇంట్ల పనిలేదు" అన్నాడు.

గడ్డి తెల్లబడింది. మొలకలు లేచాయి. లేచి, పైకి, పైకి, ఇంకా పైకి పోయాయి. కాడలు జానెడు, వాటి కొసన గొడుగులు అగ్గిపుల్ల తలకాయంత.

"ఎత్తు సూడు!" అన్నాడు మామ.

"ఎత్తు సరే. గొడుగేది?" అంది అత్తమ్మ.

ఆ కాడలు తీసుకుని నేనూ మామా మార్కెట్‌కు పోయాం. మా పక్కన ఆకుకూరలమ్మే ముసలమ్మ మెడ వంచి మా గంపలోకి చూసింది.

"ఏంది కొడుకా గివి?"

"కొక్కులు అవ్వా."

"మరి నెత్తులేయి?"

"వస్తున్నయ్ అవ్వా. తొవ్వల ఉన్నయ్."

"నేను పుట్టి గింత ముసల్దాన్నయిన. వట్టి మెడలమ్మేటోన్ని ఇయ్యాల్నే సూసిన" అని ఆమె పక్కవాళ్లను కూడా పిలిచి చూపించింది. పొద్దు గూకేదాకా మా గంప చూడటానికి వచ్చినవాళ్లకు కొదవ లేదు. కొన్నవాళ్లే లేరు. ఇంటికి తెచ్చి వండుకున్నాం. చిన్నాయన చాలాసేపు నమిలి, "బావా, కూర మంచిగున్నది గని, తాడు జర ఎక్కువుడకాలె" అన్నాడు.

మర్నాడు మామ గుడారంలోకి దూరి నన్నూ పిలిచాడు. ఇద్దరం సంచుల మధ్య కూర్చున్నాం. కొంతసేపటికి ఒళ్లంతా చెమట.

"ఊపిరాడుతుందా అల్లుడా? ఆడ్తలేదు" అన్నాడు. నా జవాబు ఆయనే చెప్పాడు కానీ ఈసారి సరిగ్గానే చెప్పాడు. తర్వాత సంచుల మీద ఇంకా మిగిలిన పొడుగు కాడల వైపు తిరిగాడు. అవన్నీ ఒకే పక్కకు, గుడారం తలుపు వైపు వంగి ఉన్నాయి.

"భీవండి రూముల గోడకు ఒక పగులుండె. అందరం అటు దిక్కే మెడలు సాపి పండేది" అన్నాడు. "గివి పెరుగుతలేవురా. గాలి ఏడున్నదా అని ఎతుకుతున్నయ్."

బయటికి వచ్చి, కత్తి తీసుకుని, అంత ప్రేమగా అంటించిన పీలికలన్నీ చరచరా కోసేశాడు. గుడారానికి కింద సందులు, పైన సందులు పెట్టి, తను నేసిన పల్చటి గుడ్డ వాటికి తెరలుగా కట్టాడు. సందులైతే వచ్చాయి కానీ వాటిలోకి గాలి దానంతట అది రాలేదు. తోలాలి.

మొదటి ఫ్యాను నేనే. మామ నా చేతికి చాట ఇచ్చి సందు దగ్గర నిలబెట్టాడు. నేను విసిరాను. చాటలో మిగిలిన బియ్యప్పిండి అంతా లేచి మామ మీసాల మీద పడింది. "అల్లుడా, విసురుమన్న. చెరుగుమనలే" అన్నాడు.

రెండోది అత్తమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బల్ల ఫ్యాన్. అడగకుండా తెచ్చి పెట్టాడు. ఒక్క పూటకే కొత్త మొలకల అంచులు పసుపు తిరిగి అప్పడాల్లా విరిగాయి. మామ వాటిని వేళ్లతో నలిపి చూసి, "గాలి కొట్టుడు వేరు, గాలి ఆడుడు వేరు" అన్నాడు. అక్కడి నుంచి ఆ మాట ఆయన నోట చివరిదాకా ఉంది. ఫ్యాన్ కనపడక అత్తమ్మ అన్న మాటలు మాత్రం ఇక్కడ రాయలేను.

మూడోది సైకిల్. స్టాండు వేసి, వెనక చక్రానికి అట్టముక్కలు రెక్కల్లా కట్టి, గుడారం ముందర పెట్టాడు. తొక్కడానికి చిన్నాయన ఎక్కాడు. పెండ్లి భోజనం అరగాలన్నాడు. నిజంగా బాగా తొక్కాడు. కాసేపటికి ఆయన లుంగీ కొస చైన్లో పడింది. చైను లుంగీని మింగుతూ పోతోంది, చిన్నాయన ఒక చేత్తో సీటు, ఒక చేత్తో మానం పట్టుకుని, "బావా! బావా!" అని అరుస్తున్నాడు. మామ గుడారంలో నుంచి తల బయట పెట్టి, "ఆపకు బామ్మర్దీ, గిప్పుడే మంచిగొస్తుంది" అన్నాడు.

"లుంగీ పోతుంది బావా!"

"లుంగీ నేను నేసిస్త. తొక్కు!"

బీడీలు చుట్టడానికి వచ్చిన వాడకట్టు ఆడవాళ్లు చాటలు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. అడ్డం పెట్టుకుని కూడా చూశారు.

నాలుగోది మామకు అన్నిటికంటే గొప్పగా తోచింది. మగ్గం ఎట్లాగూ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దానికి తాడు కట్టి, గోడకు బొక్క చేసి, బావి గిరక మీదుగా గుడారంలో వేలాడే తడి గోనెపట్టాకు కడితే, మగ్గం నేసినంతసేపూ పట్టా ఊగుతుంది.

అత్తమ్మ బీడీ చాట కింద పెట్టి, "మగ్గం ఇడిసిపెట్టెతందుకు కొక్కులు పెడితివి. గిప్పుడు కొక్కుల కోసం మగ్గం నడుపుతవా?" అని అడిగింది.

మామ లేచి మగ్గం దగ్గరికి పోయాడు. స్విచ్చి వేశాడు. మగ్గం ఏమన్నా మెల్లగా ఊగే వస్తువా? పట్టా ఊగలేదు, వణికింది. పట్టాతో బొంగులు, బొంగులతో గుడారం, గుడారంతో సంచులు, అన్నీ జాతరలో శివమూగినట్టు ఊగాయి. స్విచ్చి ఆపేలోపు రెండు సంచులు తెగి కిందపడ్డాయి. నేను ఒకదాన్ని చేతులతో పట్టుకున్నాను. దాని మీది మొలకలు మిగిలాయి.

గోడ బొక్కలో నుంచి చూసిన అత్తమ్మకు కోపం తన్నుకొచ్చింది. "పసిపిల్లలను గట్ల గుంజుతరా ఎవలన్న? తొట్టెల ఊపినట్టు ఊపాలె గని!"

మగ్గం ఆగింది కాబట్టి ఆ మాట ఇల్లంతా వినపడింది. మామ వెనక గదిలోకి వచ్చి, తలెత్తి దూలం చూశాడు. అక్కడ పసిపిల్లల తొట్టెల కట్టే ఇనుప కొక్కెం ఉంది. మా అవ్వ పురిటికి పుట్టింటికి వచ్చి నన్ను కన్నది ఆ గదిలోనే. నా తొట్టెల వేలాడింది ఆ కొక్కేనికే. ఇన్నాళ్లూ గుడారం పైకప్పు మీద దుమ్ము పట్టి ఉంది. మామ పైకప్పు కోసి, కొక్కేనికి ఒక బొంగు అడ్డంగా వేలాడగట్టి, దానికి అత్తమ్మ పాత నూలు చీర తడిపి వేశాడు. తాడు గోడ బొక్కలో నుంచి ముందరి గదిలోకి తెచ్చాడు. తెచ్చి, కొస పట్టుకుని అత్తమ్మ ముందు కూర్చున్నాడు.

"నా దిక్కేం సూస్తున్నవ్?" అంది అత్తమ్మ.

"నీ కాలు."

"నా కాలా?"

"నా కాళ్లు మగ్గం కాడుంటయ్. అల్లుడు ఆగమాగం జేస్తడు. బీడీలు చుట్టంగ నీ చేతులకే పని. కాలు ఖాళీగనే ఉంటది గదా."

"గీ ఇంట్ల నాకు ఖాళీ కాలు కూడా ఉన్నదని ఇయ్యాల్నే తెలిసింది" అంటూనే అత్తమ్మ కాలు చాపింది. మామ ఆమె బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి, దాని మీద తాడు ముడేశాడు. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు వేసి చుట్టడం మొదలుపెట్టింది. కాలు దానంతట అదే ఊగింది. లోపల చీర అటుపోయి, ఆలోచించుకుని ఇటొచ్చింది. మామ ఒక మొలక పక్కన చెంప పెట్టి చూసి, గట్టిగా అరవకుండా, పసిపిల్ల పడుకున్న ఇంట్లో చెప్పినట్టు అన్నాడు. "ఆడ్తుంది."

బస్సుకు ఇంకా కొన్ని రోజులున్నాయి. మామ రోజూ గొడుగుల్ని కొలిచేవాడు. మొదట చొక్కా గుండీ అంత. తర్వాత సోడా మూత అంత. అత్తమ్మ నీళ్లు తాగడానికి లేస్తే, ఆమె వచ్చేదాకా మామ మగ్గం ఆపి తాడు తన వేలికి తగిలించుకునేవాడు. నేను చీర తడిపేవాణ్ణి. ఎవరూ భీవండి మాట ఎత్తలేదు. మామ రేకు పెట్టె మాత్రం సర్ది తలుపు పక్కన ఉంది.

సోమవారం వచ్చింది. గొడుగులు అరచేతికి కొంచెం తక్కువగా విచ్చుకున్నాయి. కోయడానికి ఇంకా ఒక రోజు పడుతుంది. అత్తమ్మ చాట ఒళ్లో పెట్టుకుని కాలు ఊపుతూనే ఉంది. చిన్నాయన మొహం కడుక్కుని, కొత్త లుంగీ కట్టుకుని తయారయ్యాడు. "బావా, నడువు. బస్సు రోడ్డు మీద శానాసేపు ఆగదు" అన్నాడు.

మామ చొక్కా వేసుకున్నాడు. గుండీలు మాత్రం చాలా మెల్లగా పెట్టుకుంటున్నాడు.

"జర ఒక్కపారి నీ కొక్కుల మొఖం సూసొస్త" అని చిన్నాయన గుడారంలోకి దూరాడు. లోపల చల్లగా ఉంది. తడిగడ్డి వాసన. చీర వచ్చి పోతోంది. ఆయనా భీవండిలో కిటికీ లేని రూములో ఏండ్ల తరబడి పడుకున్న మనిషే. కాసేపు కూర్చుంటానన్నాడు. బొంగుకు ఆనుకున్నాడు. నేను తెర ఎత్తి చూసేసరికి నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు.

వచ్చి మామకు చెప్పాను. చెప్పానంటే, చెయ్యి చెంప కింద పెట్టి చూపించాను. మామ పోయి చూసి వచ్చాడు. అత్తమ్మ ముందర నిలబడి, నోటి మీద వేలు పెట్టి, "కాలు ఆపకు" అన్నాడు మెల్లగా.

అత్తమ్మ ఆయన వైపు చూసింది. తలుపు పక్కన రేకు పెట్టె వైపు చూసింది. చేతిలో బీడీ ఆగింది. దూరంగా రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది. ఆమె కాలు ఆపలేదు. ఇంకా కొంచెం మెల్లగా, ఒక్క తీరుగా ఊపింది, పిల్లవాడు మెలకువకు వస్తుంటే తల్లులు ఊపినట్టు. హారన్ దూరమైంది. మామ చొక్కా విప్పి దండెం మీద వేశాడు.

పొద్దు గూకే వేళకు లేచిన చిన్నాయన లబోదిబోమన్నాడు. "నన్నెందుకు లేపలేదు బావా?"

"నిన్ను లేపితే గవి కూడా లేస్తయని" అన్నాడు మామ, గొడుగులు చూపించి.

చిన్నాయన తర్వాతి బస్సుకు ఒక్కడే పోయాడు. పోయేముందు గుడారం చుట్టూ తిరిగి, "అక్కా, మా రూముల గిసొంటిదొకటి కట్టుకుంట" అన్నాడు. "తాడు కట్టుకుంటవ్ తమ్మీ. కాలెవలిస్తరు?" అంది అత్తమ్మ. అందరం నవ్వాం. చిన్నాయన కొంచెం తక్కువ నవ్వాడు.

ఆ పంట మార్కెట్‌కు తీసుకుపోయినప్పుడు ముసలమ్మ మళ్లీ గంపలోకి మెడ వంచింది. "అమ్మో, నెత్తులొచ్చినయ్!"

"చెప్పిన గదా అవ్వా, తొవ్వల ఉన్నయని" అన్నాడు మామ. బోణీ ఆమెదే. పొద్దు గూకేలోపు పదిమందికి పైనే కొన్నారు.

ఆ తర్వాత మామ ఎక్కడికి పోయినా ముందు గాలి చూసేవాడు. ఎవరింటికి పోయినా మంచినీళ్లు ఇచ్చేలోపు కిటికీలు తెరిచేవాడు. ఒక పెండ్లిలో జనం ఉక్కపోతకు అల్లాడుతున్నారని షామియానా పక్క గుడ్డలు విప్పేశాడు. గాలితోపాటు రోడ్డు దుమ్మంతా వచ్చి పప్పులో పడింది. మగపెండ్లివారు కొట్టడానికి వచ్చారు. "గాలి ఆడాలె గదా అన్నా" అని వాళ్లకు చెబుతూనే, నా చెయ్యి పట్టుకుని పరుగెత్తాడు. ఇద్దరం అన్నం తినకుండా ఇంటికి వచ్చాం. "ఆకలైతుందా అల్లుడా? కాదులే" అన్నాడు. నాకు బాగా ఆకలిగా ఉంది.

శుక్రవారం నేను మార్కెట్ నుంచి వచ్చేసరికి ఇల్లు నిండిపోయింది. మామను ముందరి గదిలో, మగ్గానికీ గోడకూ మధ్య పడుకోబెట్టారు. ఆయన నేసిన తెల్లగుడ్డే కప్పారు. గుమ్మంలో, కిటికీల్లో అంతా మనుషులే. గాలి లేదు. అత్తమ్మ ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని ఉంది. ఆమె వేలికున్న తాడు ఎవరో విప్పి మేకుకు తగిలించారు. ఒళ్లో చాట లేదు. ఏడవడం లేదు. కాలు మాత్రం చాపి ఉంది. అది ఊగుతోంది. దానికి ఏమీ కట్టి లేదు.

ఆమె నన్ను చూసి, "అల్లుడా, లోపల పసి మొలకలున్నయ్ గదరా" అంది.

అంతమంది నా వైపు తిరిగారు. మామ ఉంటే నా బదులు ఆయన జవాబు చెప్పేవాడు. "ఉన్నయ్ అత్తమ్మా" అన్నాను, అందరికీ వినపడేటట్టు. మేకు మీది తాడు తీసి, ఆమె ముందు కూర్చుని, బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ముడేశాను.

గోడ వెనక తడిచీర కదిలిన చప్పుడైంది. కాసేపటికి గోడ బొక్కలో నుంచి కొంచెం చల్లదనం ముందరి గదిలోకి వచ్చింది. మామ మీది తెల్లగుడ్డ అంచు మెల్లగా లేచి, మళ్లీ ఆయన పాదాల మీద వాలింది.